కురుచికుప్పం నుండి ఎర్రనేల బాటలు

కుప్పం అన్న మాట చెవిని పడగానే మన పాఠకులలో అనేకులకు చిత్తూరు జిల్లాలోని కుప్పం స్ఫురిస్తుంది. తమిళ తీరంలో కుప్పమంటే జాలరుల పల్లె. పుదుచ్చేరిలో ఫ్రెంచివారు కట్టుకొన్న వీధులు ఉత్తరాన ముగిసిన చోటి నుండి సముద్రపుటొడ్డున వైత్తికుప్పం, కురుచికుప్పం, సోలై నగర్ ఒకదానినొకటి ఒరసుకొని ఉంటాయి. ఈ కురుచికుప్పంలో, ఒకే వీధిలో, మన సంస్థ ఉద్యోగులమైన మూడు తెలుగు కుటుంబాల వారము కాపురముంటున్నాము. ఒకరిది తెనాలి, మరొకరిది అనకాపల్లి, మూడవవారిది యానాం. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనిదే గనుక, తాను బదిలీపై రాలేదనీ, 800 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి తన రాజధానికే వచ్చాననీ ఆ మిత్రుడు చమత్కరిస్తుంటాడు.

ఆదివారాలు మేము సైకిళ్ళపై పల్లెదారులు పట్టి తిరుగుతామని మన గృహపత్రిక సంపాదకవర్గం వారికి ఎలా తెలిసినదో గాని, ఆ దారుల పటమొకటి గీసి పంపవలసినదిగా కోరారు. సెలవులకు పుదుచ్చేరి వచ్చే ఉద్యోగి కుటుంబాలకు అది ఉపకరిస్తుందని వారి సదుద్దేశం. పటం గీయడానికి అరగంట చాలు. కాని అందులో ఏ గీత ఉండవలెను, ఏది ఉండరాదు అన్న విషయమై మాలో మాకు పొత్తు కుదరడానికి మూడు నెలలు పట్టింది. మేము నాలుగు దారులలో తిరుగుతాము. ఇక్కడ మూడింటిని వివరిస్తున్నాము. నాలుగవది ఎందుకు ఇవ్వడం లేదో కూడా చెబుతాము.

ముందుగా మా వాహనాల గురించి ఒక మాట. మౌంటెన్ బైక్ అని నేడు దుకాణాలలో అమ్మే సైకిలు 1970లలో కాలిఫోర్నియాలో పుట్టినది. అక్కడి యువకులు కొందరు పాత సైకిళ్ళకు లావుపాటి టైర్లు బిగించి కొండవాలు మట్టిదారులలో దిగడం వినోదంగా మొదలుపెట్టారు. 1996లో అట్లాంటాలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఆ వినోదానికి స్థానం లభించింది. కొండలకై పుట్టిన సైకిలును మేము కొండలే లేని ఊరిలో తొక్కుతున్నాము. పుదుచ్చేరికి ఉత్తరంగా ఆరోవిల్ ఉన్న ఎర్రమిట్టలో మిక్కిలి ఎత్తైన చోటు సముద్రమట్టానికి సుమారు 50 మీటర్లు. అనకాపల్లి మిత్రుడు దీనిని కొండ అనడానికి ఇప్పటికీ ఒప్పుకోడు. అయితే ఎదురుగాలిలో, గులకరాళ్ళపై, చివరి గేరులో ఎక్కే సమయంలో అతడూ మాట్లాడడు.

మా ప్రయాణం సముద్రం వద్ద ఆరంభమవుతుంది. అక్కడ కొంచెం ఆగక తప్పదు. సముద్రతీరపు ఊరికి వచ్చిన బంధువులు మొదట అడిగే ప్రశ్న, ఇసుక ఏదీ అని. కురుచికుప్పం ఒడ్డున చాలాచోట్ల కనిపించేది నల్లని బండరాళ్ళ వరుస. ఈ తీరంలో సంవత్సరంలో అధిక భాగం అలలు ఇసుకను దక్షిణం నుండి ఉత్తరానికి నడిపిస్తుంటాయి. 1980ల చివరి భాగంలో పట్టణానికి దక్షిణంగా రేవు ముఖద్వారాన అలలను ఆపే రాతికట్టలు నిర్మించారు. ఇసుక ఆ కట్టలకు దక్షిణంగా నిలిచిపోయింది. ఉత్తరాన ఉన్న పట్టణానికి రావలసిన ఇసుక రాలేదు. ఉన్నదానిని సముద్రం తీసుకొనిపోయింది. ఊరిని కాపాడడానికి రాళ్ళు పోశారు. రాళ్ళు ఊరిని నిలబెట్టాయి గాని, పడవలు లాగి పెట్టుకొనడానికీ వలలు ఆరవేసుకొనడానికీ జాలరులకు జాగా లేకుండా పోయింది. 2018 ప్రాంతంలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారు ప్రధాన కార్యదర్శి కార్యాలయం సమీపాన నీటిలో కృత్రిమ దిబ్బను ఏర్పరచిన తరువాత పట్టణం ముందు కొంత ఇసుక తిరిగి చేరింది. మా ఇంటి యజమాని వృద్ధ జాలరి. తన చిన్ననాట అలలు ఎంత దూరాన ఉండేవో చేయి చాచి చూపుతాడు. ఆ చేయి చూపిన చోట ఇప్పుడు నీరు ఉన్నది. ఒకచోట ఆగినది మరొకచోటికి చేరదన్న ఈ సంగతి ఎర్రమిట్టపై కూడా మాకు పదేపదే ఎదురవుతుంది గనుక ఇంత చెప్పవలసివచ్చింది.

మొదటి దారి ఇది. సోలై నగర్ మీదుగా ముత్యాల్‌పేట దాటి ఈస్ట్ కోస్ట్ రోడ్డులో ఉత్తరానికి సాగాలి. కోట్టకుప్పం వద్ద తమిళనాడు మొదలవుతుంది. పెరియముదలియార్‌చావడి వద్ద ఎడమకు తిరిగితే కుయిలాపాళయం వైపు దారి మెల్లగా పైకెక్కుతుంది. తీరపు తెల్లని ఇసుక, సరుగుడు తోటలు వెనుకబడి, నేల ఒక్కసారిగా ఎర్రబారుతుంది. విశాఖపట్నం, భీమునిపట్నం మధ్యనున్న ఎర్రమట్టి దిబ్బలను చూచినవారికి ఈ రంగు పరిచితమే. అవి సముద్రపుగాలి పోగుచేసిన ఇసుకతో ఏర్పడ్డాయని చెబుతారు. ఇది కడలూరు ఇసుకరాయి అని భూవిజ్ఞానులు పిలిచే పురాతన శిల అరిగి ఏర్పడిన నేల. పైపొరలో ఇనుము అధికం. ఆ ఇనుము గట్టిపడి శనగగింజ ప్రమాణపు గులకలై దారి పొడుగునా పరచుకొని ఉంటుంది. ఈ గులకలపై ముందుచక్రం బ్రేకు గట్టిగా పట్టితే సైకిలు ఒక దిక్కుకు, మనిషి ఒక దిక్కుకు పోతారు. వెనుక బ్రేకును మెత్తగా నొక్కుతూ, సీటుపై వెనుకకు జరిగి కూర్చుని దిగాలి. తారురోడ్డుపై 50 పౌండ్లున్న గాలిని ఇక్కడ 30, 35కు తగ్గించుకొంటే టైరు నేలను పట్టుకొంటుంది. మరీ తగ్గిస్తే మొదటి రాతికే ట్యూబు నొక్కుకొని చీలుతుంది.

కుయిలాపాళయం నుండి ఎడయన్‌చావడి మీదుగా ఇరుంబై చేరి, అటుపైన తిండివనం రహదారి వెంట దక్షిణానికి తిరిగి ఇంటికి రావచ్చును. మొత్తం సుమారు 25 కిలోమీటర్లు. పిల్లలతో వచ్చేవారికి ఇదే తగినది. దారికి ఇరుప్రక్కల జీడిమామిడి తోటలు, తాళ్ళు, నడుమనడుమ దట్టమైన వనం. ఈ వనం సహజంగా మిగిలినదని మేము మొదట్లో భావించాము. నిజానికి 1968 ఫిబ్రవరి 28న ఆరోవిల్‌కు ప్రారంభోత్సవం జరిగిన నాటికి ఈ మిట్ట దాదాపు బోడిగా ఉండేది. అడవి ఎన్నడో నరికివేతకు గురై, పైమట్టి కొట్టుకొనిపోయి, వానాకాలంలో ఎర్రనీరు గండ్లు కోసుకొంటూ సముద్రంలో కలిసేది. ఆ ప్రారంభ దినాన 124 దేశాల నుండీ మన రాష్ట్రాల నుండీ తెచ్చిన మట్టిని తామరమొగ్గ ఆకారపు పాత్రలో పోశారు. దేశదేశాల మట్టి ఒక పాత్రలో పదిలమైన ఆ కాలంలోనే, కాళ్ళ కిందనున్న మట్టి ఏటేటా సముద్రానికి పోతుండడం మాకు తలచుకొన్నప్పుడల్లా చిత్రంగా తోస్తుంది.

తరువాత అక్కడ స్థిరపడినవారూ, చుట్టుప్రక్కల పల్లెల కూలీలూ కలిసి చేసిన పని చాలా సాదాది. వాలుకు అడ్డంగా మట్టిగట్లు వేశారు. వాననీరు పరుగు తీయకుండా ఆగి ఇంకింది. గండ్లకు అడ్డుకట్టలు కట్టారు. ముందు ఎండకు తాళే చెట్లు నాటి, వాటి నీడలో ఈ తీరానికి సహజమైన అడవిజాతుల మొక్కలు పెంచారు. 2011 డిసెంబరు 30న వచ్చిన థానే తుఫాను అనేక వేల చెట్లను పడగొట్టగా మరల నాటుకొన్నారు. ఆరోవిల్‌లో ఎన్ని చెట్లు ఉండాలి, ఎక్కడ రోడ్డు రావాలి అన్నదానిపై వారిలోనే విభేదాలున్నాయి. క్రౌన్ రహదారికై 2021 డిసెంబరులో చెట్లు తొలగించడం పెద్ద వివాదమై, హరిత ట్రిబ్యునల్‌కూ, అటుపై సర్వోన్నత న్యాయస్థానానికీ వెళ్ళింది. అందులో ఎవరిది న్యాయమో చెప్పడం మా పని కాదు. లోపలి అడవిబాటలు అన్నీ సందర్శకులకు తెరచినవి కావని మాత్రం గుర్తుంచుకోవాలి. పలక కనిపించిన చోట వెనుకకు మరలడమే మర్యాద.

ఇరుంబైలోని మహాకాళేశ్వరాలయం వద్ద ఒక ఐతిహ్యం వినిపిస్తుంది. కడువెళి సిద్ధుడనే యోగి తపస్సులో ఉండగా రాజు తన నర్తకిని పంపి తపోభంగం చేయించాడట. ఒకనాడు ఆలయంలో నృత్యం చేస్తున్న ఆమె కాలి అందె జారగా సిద్ధుడు వంగి తిరిగి తొడిగాడు. సభ నవ్వింది. అతడు ఆగ్రహించి పాడగా శివలింగం పగిలింది. ఈ నేల బీడైపోవుగాక అని శపించాడు. పిదప శాంతించి, దూరదేశాలవారు వచ్చి దీనిని మరల పచ్చగా చేస్తారని చెప్పాడట. శాపాన్ని నమ్మినా నమ్మకున్నా, ఈ నేల ఒకనాడు బీడైనదన్న జ్ఞాపకం ఊరి కథలో నిలిచినది. మా తెనాలివారి అమ్మాయి తొమ్మిదవ తరగతి చదువుతున్నది. ఈ కథ విని, అడవి నరికినది ఎవరో చెప్పకుండా నేరమంతా అందెపైకి తోశారు, అన్నది. ఆమె మాటకు మా వద్ద జవాబు లేదు.

రెండవ దారి సులభం. పట్టణానికి పడమట సుమారు 10 కిలోమీటర్ల దూరాన ఊసుడు చెరువు ఉన్నది. ఊస్టేరి అని కూడా అంటారు. ఈ ప్రాంతంలో ఇంతకంటె పెద్ద చెరువు లేదు. సగం పుదుచ్చేరిలో, సగం తమిళనాడులో ఉన్నది. పుదుచ్చేరి ప్రభుత్వం 2008లో దీనిని పక్షి సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. జనవరి, ఫిబ్రవరి మాసాలలో తెల్లవారకముందే బయలుదేరితే గూడబాతులను, కొంగలను, నీటికోళ్ళను చూడవచ్చును. సైకిలుకు పరీక్ష పెట్టే చోట్లు తక్కువ. దుర్భిణి ఉంటే వెంట తీసుకొని వెళ్ళండి, గంట మ్రోగించకండి.

మూడవది దూరం, పిల్లలకు కాదు. తిరువక్కరై పడమటగా సుమారు 30 కిలోమీటర్లు. రానుపోను ఒక పూటంతా పడుతుంది. అక్కడ భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ సంరక్షణలోనున్న జాతీయ శిలాజ వృక్షవనం ఉన్నది. రాయిగా మారిన మొద్దులు ఎర్రనేలలో పడి ఉంటాయి. వయస్సు సుమారు 2 కోట్ల సంవత్సరాలు. దగ్గరగా వంగి చూస్తే కొయ్యలోని వలయాలు, చారలు స్పష్టంగా కనిపిస్తాయి; చేతితో తడితే రాయి. ఈ మొద్దులకు వేళ్ళు లేవు, కొమ్మలు లేవు. కనుక ఇవి ఇక్కడ పెరిగినవి కావనీ, ఏ ప్రాచీన వరదకో ఎక్కడినుండో కొట్టుకొనివచ్చి ఇసుకలో పూడుకొన్నాయనీ శాస్త్రజ్ఞుల ఊహ. ఆ ఇసుకే మేము ప్రతి ఆదివారం తొక్కే కడలూరు ఇసుకరాయి. చిన్న ముక్కనైనా ఏరుకొనరాదు, చట్టం ఒప్పదు. ఆ వైపు రాతి క్వారీలు అనేకం. లారీల రద్దీ వల్ల ప్రధాన రహదారిని వదిలి పొలాల మధ్య దారి పట్టడం మేలు. ఊరిలోని చంద్రమౌళీశ్వరాలయ ప్రాంగణంలో వక్రకాళి అమ్మవారున్నారు. పౌర్ణమి నాడు జనసమ్మర్దం అధికం గనుక ఆ తిథి చూచుకొని వెళ్ళండి.

ఇక నాలుగవ దారి.

అది ఏ ఊరి నుండి మొదలవుతుందో వ్రాయడం లేదు. ఎర్రమిట్ట పడమటి అంచున మేకలు నడిచి ఏర్పడిన సన్నని బాట. ఒకచోట గండిలోకి జారి, మలుపులు తిరిగి, తాటిచెట్ల వరుస వెంట తిరిగి పైకెక్కుతుంది. పొడవు 4 కిలోమీటర్లకు మించదు. కాని మా సైకిళ్ళు వేటికై తయారయ్యాయో అవన్నీ అందులో ఉన్నాయి. మూడు సంవత్సరాలుగా మేము వారం వారం ఎదురు చూచేది ఆ 4 కిలోమీటర్ల కొరకే.

ఒక కార్తికమాసపు ఉదయాన, ముందురోజు వాన కురిసి వెలసిన తరువాత, ఆ బాట మొదట ఒక వృద్ధురాలు మమ్ములను నిలిపింది. వేరుశనగ చేను ఆమెది. మేము తెలుగులో మాట్లాడుకొనడం విని, ఆమె కూడా తెలుగులోనే పలికింది. విళుపురం జిల్లా పల్లెలలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయని విన్నాము గాని, గండి అంచున ఆ భాష ఎదురైన క్షణాన మాకు నోట మాట రాలేదు.

"ఏం నాయనా, తెలుగోళ్ళా మీరు? ఈ పొద్దు ఆ గట్టెక్కి పోవద్దు. మన్ను నాని ఉండాది."

"సైకిళ్ళే గదా అవ్వా, బరువు తక్కువ," అన్నాడు మాలో చిన్నవాడు.

"బరువు గాదప్పా. గీత. మీ చక్రం గీత గీస్తాది. ఆ గీతెంట నీళ్ళు పోతాయి. ఒక వానకు వేలంత, రెండో వానకు మోకాలంత. ఆ పక్క మోటారు బండ్ల పిల్లకాయలు పోయిన జాడ చూడు."

చూచాము. వాలుకు నిలువుగా దిగిన ఇరుకైన కోత ఒకటి, మనిషి దిగి నిలబడగలిగినంత లోతున, గండిలో కలిసి ఉన్నది. దాని అంచున వేరుశనగ మొక్కలు వేళ్ళు బయటపడి వ్రేలాడుతున్నాయి. ఆమె కోపగించుకోలేదు. నేల ఆరిన పిదప రమ్మనీ, వచ్చినా వాలుకు అడ్డంగా పోవాలే గాని నిలువుగా దిగరాదనీ చెప్పి, తన వద్దనున్న ఉడికించిన కాయలు అమ్మాయి చేతిలో పోసింది. ఆ ఆదివారం మేము అక్కడి నుండే తిరిగి వచ్చాము.

మా చర్చ అంతా ఆ తరువాత జరిగినది. చిన్నవాడి చరవాణిలో ఆ బాట పూర్తిగా నమోదై ఉన్నది. దానిని సైకిలు యాత్రికుల కొరకు ఏర్పడిన అంతర్జాల పటాలలో ఒక్క మీట నొక్కి ఉంచవచ్చును. అతని వాదనలో బలం లేకపోలేదు. "అన్నయ్యగారూ, మనకెవరో చెబితే గదా మొదటి దారి తెలిసినది? మంచి దారిని దాచుకొనడం స్వార్థం కాదా?" అని తెనాలివారిని అడిగాడు. వచ్చే జూన్‌లో పదవీ విరమణ చేయబోతున్న ఆయన, మధుమేహానికి వైద్యుని సలహాపై సైకిలెక్కి, మాకందరికీ ఈ అలవాటు అంటించిన మనిషి. "దారి మనదైతే పంచుదాం తమ్ముడూ. అది ఆవిడ గట్టు," అన్నారు. యానాం మిత్రుడు మధ్యేమార్గంగా, వానాకాలం మినహా అని వ్రాసి ఇస్తే పోలేదా అన్నాడు. పటంలో గీత చూచినవారు దాని కింద వ్రాసినది చదువుతారా అని ఆడవారు అడిగారు. వారికి ఈ వాదంలో మొదటినుండీ సందేహం లేదు.

ఐదుగురు తిరిగే బాట వేరు, యాభైమంది తిరిగే బాట వేరు. మేకల గిట్టలు, మనుషుల పాదాలు నేలను అక్కడక్కడ అదుముతాయి. చక్రం విడవకుండా ఒకే చాలు తీస్తుంది. నీటికి కావలసినది అదే. తారువేసిన దారికి, చెరువుకట్టకు ఈ బాధ లేదు. కనుకనే ఆ మూడింటినీ నిస్సంకోచంగా ఇచ్చాము. నాలుగవదానిని చిన్నవాడు తన చరవాణి నుండి తానే తొలగించాడు. అతనికి మనస్ఫూర్తిగా ఇష్టమై తొలగించాడని మేము చెప్పలేము. మూడు వారాలు మాతో రాలేదు. నాలుగవ వారం కొత్త టైర్లతో వచ్చాడు.

సెలవులకు వచ్చేవారికి కొన్ని సూచనలు. సైకిళ్ళు తెచ్చుకొననవసరం లేదు, పట్టణంలో అద్దెకు దొరుకుతాయి; బ్రేకులు, చైను చూచుకొని తీసుకోండి. సర్కారు తుమ్మ ముళ్ళు ఏ టైరునైనా చీలుస్తాయి గనుక అదనపు ట్యూబు, చేతిపంపు తప్పనిసరి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల కాలం. ఆ రోజులలో మట్టిదారుల జోలికి పోకండి. వాన వెలసినా రెండు రోజులు నేలకు వ్యవధి ఇవ్వాలి. జనవరి మొదలు మార్చి వరకు శ్రేష్ఠం. ఏప్రిల్, మే నెలలలో ఎనిమిది గంటలలోపు ఇల్లు చేరాలి. శిరస్త్రాణం విషయంలో మా ఇళ్ళలో మినహాయింపులు లేవు, మీకూ ఉండకూడదు.

2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి సమీపాన తీరం దాటింది. ఒక్క దినంలో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడి, మా వీధిలో మోకాటి లోతున నీరు నిలిచింది. మరల ఆ పడమటి మిట్ట వైపు వెళ్ళడానికి జనవరి నెలాఖరు వరకు ఆగాము. మోటారు బండ్ల కోత మరింత వెడల్పయింది. దాని పైభాగాన మాత్రం ఎవరో అడ్డంగా కొత్త గట్టు వేసి, వట్టివేరు దుబ్బులు రెండు వరుసలు నాటి ఉంచారు. దుబ్బుల మధ్య నీరు ఇంకిన చోట సన్నని ఎర్రమట్టి పేరుకొని ఉన్నది. సైకిళ్ళు దిగి, ఒకరి వెనుక ఒకరము, చక్రాలను ఎత్తి పట్టుకొని ఆ గట్టును దాటాము.